బట్టీలో పైన్ కాయలు

సోమవారం మధ్యాహ్నం రెండు గంటలకు అటవీ నర్సరీలో కాయలు ఆరబెట్టే యంత్రం ఆగిపోయింది. లోపల హీటరు కాలిపోయింది. కొత్తది రావడానికి నెలన్నర పడుతుందని కంపెనీవాళ్లు చెప్పారు. వానలకు మూడు వారాలే గడువుంది. విత్తనాల గదిలో ఆరు బస్తాల పైన్ కాయలు గోడకు చేరేసి ఉన్నాయి. వాటిలో ఒక్క కాయా తెరుచుకోలేదు.

సాయంత్రం ఆ గది ఇన్‌చార్జి ఒక కాయ చేత్తో పట్టుకుని తన బావ బేకరీకి వచ్చింది.

బావ అప్పుడు మర్నాటి పిండికి ఈస్టు కలుపుతున్నాడు. తలెత్తకుండానే, "రా మరదలా. గవర్నమెంటు వారి కలుపు తీత అయిపోయిందా ఇవాళ్టికి?" అన్నాడు.

"అయింది. నీ రొట్టె ఏ ఏడాదికి మెత్తబడుతుందో కనుక్కుని రమ్మన్నారు."

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న అత్తగారు నవ్వింది. ఆవిడకి కూతుళ్లిద్దరు. పెద్దమ్మాయి బావ భార్య. చిన్నదే ఈ మరదలు.

మరదలు కాయను పిండి బల్ల మీద పెట్టింది. "బావా, దీన్ని విప్పు చూద్దాం."

అతను చేతులు తుడుచుకుని రెండు బొటనవేళ్లతో నొక్కాడు. తర్వాత రొట్టెల కత్తి మొన దూర్చబోయాడు. కత్తి జారి బల్లకి గుచ్చుకుంది.

"ఇది కాయా, రాయా?"

"పొలుసులు బంకతో అతుక్కుని ఉన్నాయి. ఏళ్ల తరబడి చెట్టు మీదే ఉంటుందిది. నిప్పు తగిలితే గానీ తెరుచుకోదు."

"నిప్పు తగిలితే కాలిపోదూ?"

"మంట ఎక్కువసేపు ఉండదు బావా. దాటిపోతుంది. ఆ కాసేపట్లో బంక కరుగుతుంది. చెట్టు చచ్చిపోతుంది, కాయ విచ్చుకుంటుంది. కింద బూడిద, పైన ఎండ. అడ్డం వచ్చే నీడ లేదు. గింజకి ఇంకేం కావాలి?"

"తల్లి పోతే గానీ పిల్ల బతకదన్నమాట."

"సంధ్యవేళ ఆ మాటలేంటి బాబూ," అంది అత్తగారు.

"నేనన్నానా అత్తయ్యా? మీ అమ్మాయే అంటోంది."

మరదలు కాయని వెనక్కి తీసుకుంది. "నీ బట్టీ కావాలి నాకు. రెండు రోజులు."

బావ ఒప్పుకుంటాడా లేదా అన్న అనుమానం అక్కడ ఎవరికీ లేదు. మామగారు చనిపోయిన ఏడాది ఆ పిల్ల తల్లితో పాటు ఈ ఇంటికొచ్చింది. అప్పుడు దానికి పన్నెండేళ్లు. సైకిలు నేర్పింది బావే. బళ్లో సంతకాలు పెట్టింది బావే. పరీక్షలకి అది పిండి బస్తాల మీద కూర్చుని చదివేది. పుస్తకాల్లోంచి ఇప్పటికీ పిండి రాలుతుందని వాళ్లక్క అంటుంది. ఉద్యోగం వచ్చిన రోజు బావ వీధి మొత్తానికి బన్నులు పంచి, సాయంత్రానికి అమ్ముకోడానికి ఏమీ లేక కొట్టు కట్టేశాడు. ఇవేవీ అతను నోటితో చెప్పడు. కలుపు తీత అంటాడు.

"ఇస్తాను గానీ, నా బట్టీ పాడైతే?"

"కాయలు పాడైతే అని అడుగు."

అప్పుడు చెప్పింది సంగతి. తూర్పు వాలు ఏడేళ్ల కిందట ఒకసారి కాలింది. దానికి ఎవరూ కంగారు పడలేదు. పెద్ద చెట్ల కాయలు విచ్చుకుని, మరుసటి ఏడాదికి వాలంతా మొలకలు లేచాయి. అవి రొమ్ము ఎత్తు పెరిగాయి. కాయ పట్టడానికి ఇంకో మూడు నాలుగేళ్లు పట్టేది. ఈలోపు కిందటి వేసవిలో మళ్లీ మంట వచ్చింది. మొక్కలన్నీ పోయాయి. ఈసారి రాలడానికి కాయల్లేవు.

కిందటి వేసవి మంట బావకి తెలుసు. నాలుగు రోజులు ఆర్పేవాళ్లకి రొట్టెలు పంపింది అతనే. ఒక కుర్రాడు రొట్టె కొరుక్కుంటూ కొట్టు అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. ఆ మంటని బావ తిట్టని తిట్టు లేదు.

"మంటంటే నీకు కోపం లేదా?" అన్నాడు.

"మొదటిదాని మీద లేదు. రెండోది తొందరపడింది, అంతే." మరదలు పిండి బల్ల మీద వేలితో ఒక గీత గీసింది. "వాలు కింద గడ్డిమైదానం ఉంది కదా. అది రెండు మూడేళ్లకోసారి కాలుతుంది. గడ్డి వేరు నుంచి లేచి వచ్చేస్తుంది. చెట్టు పిల్లకి అంత వ్యవధి చాలదు, చస్తుంది. అందుకే అది మైదానం. ఈ గీతకి ఇవతల అడవి, అవతల గడ్డి. గీత గీసేది మంటే. ఇప్పుడు వాలు మీద గింజ లేదు. గడ్డి పైకెక్కుతోంది. అది ఎక్కితే దాని వెనకే రెండేళ్లకో మంట కూడా ఎక్కుతుంది. ఇంక అక్కడ ఏ చెట్టూ కాయ పట్టే వయసుకి రాదు."

"ఈ కాయలెక్కడివి మరి?"

"వాగవతలి పాత చెట్లవి. ఎక్కి కోయించాం. మళ్లీ ఎక్కడానికి ఈ ఏడాదికి మనుషుల్లేరు. ఈ ఆరు బస్తాలే, బావా."

మంగళవారం ఉదయం ఎనిమిదింటికి ఆఖరి రొట్టెలు బయటికొచ్చాయి. తొమ్మిదింటికి నర్సరీ వ్యాను వచ్చింది. పని రెండు దశలు. ముందు బాగా వేడిగా ఉన్న బట్టీలో రెండే రెండు నిమిషాలు, మంట తగిలినట్టు. తర్వాత బట్టీని అరవై డిగ్రీలకి చల్లార్చి, రోజంతా అందులో ఆరబెట్టడం. ఒక్కో రోజుకి మూడు బస్తాలు.

బావ బట్టీలోకి చెయ్యి పెట్టి, ఓర్చుకున్నంత సేపు అంకెలు లెక్కపెట్టాడు. "రెండొందలుంటుంది. పెట్టెయ్."

మరదలు థర్మామీటరు పెట్టింది. రెండొందల డెబ్బై చూపించింది.

"నీ చెయ్యి కాలి కాలి మొద్దుబారిపోయింది బావా. గింజలు ఉడికిపోయుండేవి."

"ముప్పై ఏళ్లుగా దీంతోనే కాలుస్తున్నాను రొట్టెలు."

"అందుకేనా అడుగులు మాడుతున్నాయి?" అంది వాళ్లక్క, లోపల్నుంచి.

తలుపు తెరిచి ఉంచి, వేడి దిగాక, మరదలే పొడుగాటి చెక్కపారతో ట్రేలు లోపలికి తోసింది. తలుపు మూసి వాచీ చూసుకుంది. రెండు నిమిషాలకి తీసేసరికి కాయల మీద బంక మెరుస్తోంది. కొట్టంతా అడవి వాసన. మధ్యాహ్నం బట్టీ అరవైకి దిగాక మళ్లీ లోపల పెట్టారు.

మూడింటికి మొదటి చప్పుడు వినిపించింది. టక్. కాసేపటికి ఇంకోటి. ఆ తర్వాత వరసగా.

"ఎలకలు కొరుకుతున్నట్టుంది," అంది అత్తగారు కుర్చీ బట్టీ ముందుకి లాక్కుంటూ. వాళ్లక్క కూడా వచ్చి నిలబడింది. బావ తలుపుకి చెవి ఆనించబోయి, వేడి తగిలి వెనక్కి దూకాడు.

"విచ్చుకుంటున్నాయి," అంది మరదలు. పిండి బస్తాల మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంది. పన్నెండేళ్లప్పుడూ అక్కడే అలాగే కూర్చునేది. బావ ఒక బన్ను తెచ్చి దాని చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

సాయంత్రానికి కాయలు పొలుసులు విప్పుకుని గుప్పెడంత పువ్వుల్లా ఉన్నాయి. దులిపితే గింజలు రాలాయి. నువ్వుగింజ కన్నా కాస్త పెద్దవి, ఒక్కోదానికి ఒక పల్చటి రెక్క.

బుధవారం ఉదయం రొట్టెలు కొనడానికొచ్చే రిటైర్డ్ మాస్టారు రొట్టె వాసన చూసి, "ఇందులో కొండ వాసన వస్తోందేమిటయ్యా?" అన్నాడు.

"కొండకి వెళ్లే ఖర్చు కలిసొచ్చింది కదా మాస్టారూ."

"ధర అదేనా?"

"అదే."

మాస్టారు రెండు తీసుకున్నాడు.

రెండో విడతకి బట్టీ వేడి సరిచూసి, మూడు బస్తాల కాయలూ ట్రేల్లో సర్దారు. మరదలు పార అందుకోబోతుంటే ఫోను మోగింది. పెద్దాఫీసరు. లోపల సిగ్నలు అందదు. "నువ్వు తోసెయ్ బావా, రెండు నిమిషాలు," అని వీధిలోకి పరిగెత్తింది.

బావ ట్రేలన్నీ తోశాడు. అలా తోయడం అతనికి ఊపిరి తీసుకోవడంతో సమానం. ఆఖరి ట్రే లోపలికి వెళ్లగానే ఎడంచెయ్యి పక్కనున్న మగ్గు అందుకుంది. బట్టీ అడుగున ఎప్పుడూ ఒక ఇనప రేకు ఉంటుంది. రొట్టెలు పెట్టగానే దాని మీద నీళ్లు పోస్తారు. ఆవిరికి రొట్టె పైపొర పేలకుండా పొంగుతుంది. బావ నీళ్లు పోసి తలుపు మూశాడు. లోపల రేకు బుస్సుమంది.

ఆ చప్పుడు విన్నాక గానీ తనేం చేశాడో అతనికి తెలియలేదు.

తలుపు లాగాడు. ఆవిరి మొహానికి కొట్టింది. ట్రేలన్నీ బయటికి లాగాడు. గోనెసంచితో గాలి విసిరాడు. కాయలు తడిసి నల్లగా ఉన్నాయి.

మరదలు ఫోను పెట్టేసి లోపలికొచ్చింది. "అప్పుడే తీసేశావేం?" అంటూ ఒక కాయ ముట్టుకుంది. వేళ్లకి తడి తగిలింది. వేళ్లు చూసుకుంది. బల్ల మీద ఖాళీ మగ్గు చూసింది.

"నీళ్లు పోశాను," అన్నాడు బావ.

"మీరు నీళ్లు పోశారా?"

ఇరవై ఏళ్లలో మరదలు అతన్ని మీరు అన్నది అదే మొదటిసారి. వాళ్లక్క పరిగెత్తుకొచ్చింది. "ఆ చేతికి బుర్ర లేదండీ మీకు! పిల్ల నోరు తెరిచి ఒక్క సాయం అడిగితే..."

"ఊరుకోవే," అంది అత్తగారు. "కావాలని చేశాడా? ముప్పై ఏళ్ల అలవాటు."

"అలవాటే. గింజలకి తెలుస్తుందా అది అలవాటని?" అంది వాళ్లక్క.

బావ బల్ల మీది మగ్గు తీశాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకుని నిలబడ్డాడు.

మరదలు నాలుగు కాయలు తీసుకుని రంపంతో అడ్డంగా కోసింది. గింజని బ్లేడుతో చీల్చి దీపం కింద పట్టుకుంది. లోపల తెల్లగానే ఉంది. "పొడి వేడి ఓర్చుకుంటాయి ఇవి," అంది, ఎవరితోనో అన్నట్టు. "తడి వేడి వేరు. ఉడుకుతాయి. తెల్లగా ఉన్నంత మాత్రాన బతికున్నట్టు కాదు." తర్వాత అతని వైపు తిరిగింది. "ఫ్యాన్లెన్ని ఉన్నాయి బావా ఇంట్లో?"

నాలుగున్నాయి. నాలుగూ తెచ్చారు. అత్తగారి గదిలోది కూడా విప్పారు. రొట్టెలు ఆరబెట్టే చట్రాల మీద కాయలు పరిచి, రాత్రంతా గాలి పెట్టారు. గురువారం మధ్యాహ్నం బట్టీని అరవైకి దించి మళ్లీ లోపల పెట్టారు. మూడింటికి చప్పుడు లేదు. నాలుగింటికీ లేదు. అత్తగారు కుర్చీ తెచ్చుకుని కూర్చుంది గానీ ఎలకల మాట ఎత్తలేదు. అయిదు దాటాక ఒక కాయ టక్కుమంది. చీకటి పడేసరికి చాలామటుకు విచ్చుకున్నాయి. గింజలు రాలాయి. చూడ్డానికి రెండు విడతల గింజలకీ తేడా లేదు.

తేడా మొలకెత్తితేనే తెలుస్తుంది. నర్సరీలో మొలకల పరీక్షకి పెట్టె ఉంది. అయినా మరదలు రెండు గాజు పళ్లేలు బేకరీలోనే పెట్టింది. పిండి పొంగడానికి పెట్టే అలమర ఎప్పుడూ ఒకే వెచ్చదనంతో ఉంటుంది. ఒక్కో పళ్లెంలో తడి కాగితం, దాని మీద వంద గింజలు. ఒకటి మొదటి విడత, ఒకటి రెండోది.

"నువ్వే చూసుకోవాలి వీటిని," అంది బావతో. "కాగితం ఆరకూడదు. అలాగని..."

"తెలుసు. మగ్గుతో పోయను."

కంట్లో మందు వేసే గొట్టంతో చుక్కలు వేశాడు. రొట్టెల పని మధ్యలో లేచి వెళ్లి అలమర తలుపు తీసేవాడు. "అస్తమానం తెరిస్తే పిండి చల్లారుతుంది" అని అతను అందరినీ కేకలేసే అలమర అది. భార్య చూసీ చూడనట్టు ఊరుకుంది.

వారం తిరిగేసరికి మొదటి పళ్లెంలో తెల్లటి మొలకలు వచ్చాయి. రెండోదాంట్లో ఒక్కటీ లేదు. బావ ఆ రోజు అన్నం సగంలో లేచాడు. తొమ్మిదో రోజు రెండో పళ్లెంలో ఒక గింజ పగిలింది. కంగారుగా మరదలికి ఫోన్ చేశాడు. "ఒకటి వచ్చింది పిల్లా."

"ఒకటి కాదు బావా, మనకి కావాల్సింది."

"ఒకటి వచ్చిందా లేదా?"

"వచ్చింది," అంది మరదలు, నవ్వు ఆపుకుంటూ.

రెండు వారాలకి లెక్క తేలింది. మొదటి పళ్లెంలో ఎనభై ఆరు. రెండోదాంట్లో ముప్పై నాలుగు. సగం కూడా మొలవని గింజని వాలు మీద చల్లనివ్వనని పెద్దాఫీసరు చెప్పాడు. వాలు అంతా మొదటి విడతతోనే, పల్చగా చల్లమన్నాడు. రెండో విడత సంగతి ఏం చేసుకుంటావో నీ ఇష్టం అన్నాడు.

మరదలు బేకరీకొచ్చి ఇదంతా చెప్పింది. బావ వింటూ పిండి పిసికాడు. ఆపలేదు.

"మూడు బస్తాలు తగలేశాను," అన్నాడు చివరికి.

"మూడింట ఒకటి బతికే ఉంది కదా. దట్టంగా చల్లితే సరి. గీత దగ్గర ఒక చార నేల అడిగాను. గడ్డి పైకి ఎక్కుతున్న చోట. ఎవరూ వద్దనలేదు, అక్కడ ఏదీ నిలవదని వాళ్ల ఉద్దేశం." కాస్త ఆగి, "నువ్వూ రావాలి. కొట్టు ఒక పూట అక్క చూసుకుంటుంది," అంది.

"నేనెందుకు?"

"పిండి చల్లడం నీకన్నా ఎవరికి వచ్చు?"

శనివారం ఉదయం వెళ్లారు. బావ ఆ వాలు దగ్గర్నుంచి చూడడం అదే మొదటిసారి. నిలువునా మాడిన కాండాలు, వాటి మధ్య మోకాలెత్తు నల్లటి పుల్లలు. ఆ పుల్లలే కిందటేడాది దాకా పిల్లచెట్లు. కింద నుంచి గడ్డి నాలుక చాచినట్టు పైకి వచ్చి ఉంది. నర్సరీవాళ్లు నలుగురు చారకి రెండు వైపులా గడ్డి చెక్కి, మట్టి పైకి తేల్చి, నీళ్ల డబ్బాలు వీపున తగిలించుకుని నిలబడ్డారు.

గాలి చూసుకుని చారలోని గడ్డికి నిప్పు పెట్టింది మరదలే.

బావ రెండు అడుగులు వెనక్కి వేశాడు. "చూసుకో పిల్లా," అన్నాడు. మంట నడుమెత్తు లేచి, గడ్డి వెంబడి పాకి, చెక్కిన మట్టి దగ్గర ఆగిపోయింది. దాటిపోవడానికి అతను ఒక ట్రే రొట్టెలు సర్దేంత సేపు కూడా పట్టలేదు. నలుగురూ అంచుల్లో పొగలు వెతికి తడిపారు. మరదలు వంగి బూడిదలో చెయ్యి పెట్టి, అతన్నీ పెట్టమంది. పైన వెచ్చగా ఉంది. వేలు లోపలికి పోనిస్తే మట్టి చల్లగా తగిలింది.

"ఇంతేనా?" అన్నాడు బావ.

"సరైన రోజున పెడితే ఇంతే."

బూడిద చల్లారాక గింజల్ని ఇసకతో కలిపి చల్లారు. బావ నడుం వంచి, బల్ల మీద పిండి జల్లినట్టు మణికట్టు తిప్పుతూ చార పొడుగునా నడిచాడు. వెనక నర్సరీ పిల్ల ఒకతి, "పెద్దాయన చేతి ఒడుపు బాగుంది," అంది. "చెయ్యి బాగుంటుందమ్మా. బుర్రే ఉండదు దానికి," అన్నాడు. మరదలు గట్టిగా నవ్వింది. చార చివర కూర్చుని ఇద్దరూ తెచ్చుకున్న రొట్టె తిన్నారు. రొట్టె అడుగు మాడి ఉంది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

వాన మంగళవారం సాయంత్రం మొదలైంది. మూడు రోజులు కురిసింది. ఆ తర్వాత ఎండ కాసింది, మళ్లీ కురిసింది. మొదటి విడత గింజలు చల్లిన వాలు మీద నెలకి మొలకలు కనబడ్డాయని నర్సరీ నుంచి కబురు వచ్చింది. చార గురించి అందులో ఏమీ లేదు. బావ అడగలేదు.

అయిదో వారం ఆదివారం మరదలు పొద్దున్నే వ్యాను తెచ్చి కొట్టు ముందు ఆపింది. ఇద్దరూ చార దగ్గరికి వెళ్లి, చెరో చివర నుంచి మోకాళ్ల మీద వెతుక్కుంటూ వచ్చారు. మధ్యలో కలుసుకునేసరికి మధ్యాహ్నం దాటింది. బావ పందొమ్మిది లెక్కపెట్టాడు. మరదలు ఇరవై రెండు. రెండుసార్లు లెక్కపెట్టినవి ఉన్నాయేమోనని ఇద్దరూ కలిసి మళ్లీ మొదటి నుంచి చూశారు. నలభై ఒకటే. మొలకలు వేలి కణుపంత ఉన్నాయి. మూడు మొలకలకి గింజ పెంకు ఇంకా తల మీదే ఉంది. పక్కన గడ్డి చీలమండ దాకా వచ్చింది.